నొప్పి మాత్రకూ ఆపరేషన్‌కూ మధ్య

బన్సీలాల్‌పేట నుంచి గాంధీ ఆసుపత్రికి నడిచి వెళ్లొచ్చు, మోకాళ్లు బాగుంటే. 2003లో ఆ ఆసుపత్రి పాత భవనాలు వదిలి ముషీరాబాద్ జైలు ఉండిన స్థలానికి మారింది. 2020 ఫిబ్రవరిలో దాని పేరుతోనే ఒక మెట్రో స్టేషన్ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2018 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి. ఇంత దగ్గర్లో ఇంత వైద్యం ఉన్న పేటలు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

పేట చరిత్ర కూడా ప్రజారోగ్యంతో ముడిపడినదే. నాగన్నకుంట అనే పాత బస్తీని 1930ల మొదట్లో సేఠ్ బన్సీలాల్ చొరవతో పద్ధతిగా తిరిగి కట్టారు. ఆయన పేరే పేటకు స్థిరపడింది. చెత్తతో పూడిపోయిన అక్కడి పాత మెట్లబావిని శుభ్రం చేసి 2022 డిసెంబర్ 5న తిరిగి తెరిచారు. ఇప్పుడు సెలవు రోజుల్లో ఫొటోలు దిగడానికి నగరం నలుమూలల నుంచీ జనం వస్తారు. పక్క సందులో ఉండే పెద్దమ్మకు మాత్రం సొంత ఇంటి ముందరి మూడు మెట్లే పెద్ద పని.

ఇలాంటి పేటల్లో పెద్దవాళ్లను కదిపితే వినిపించే మాటలు దాదాపు ఒకటే. ‘కూసుంటె లేవొస్తలేదు.’ ‘మెట్లు దిగుతుంటె పాణం పోతుంది.’ ‘గుజ్జు అరిగిందన్నరు, ఇగ ఆపరేషనేనట.’ దీనికి దొరికే సాయం కూడా రెండు చోట్లే కనబడుతుంది. ఒక చివర మందుల షాపులో కొనుక్కునే నొప్పి మాత్ర, లేదా ఆర్‌ఎంపీ డాక్టర్ వేసే సూది. రెండో చివర మోకాలి చిప్పల మార్పిడి. ఈ రెంటికీ మధ్య పదేళ్లో ఇరవై ఏళ్లో గడుస్తాయి. నిజానికి చేయదగిన పనంతా ఆ మధ్యకాలంలోనే ఉంది. డబ్బు తక్కువ పట్టేదీ, ఎక్కువ మందికి పనికొచ్చేదీ అదే. దాన్ని పట్టించుకునే నాథుడే లేడు. ఈ అధ్యాయం ఆ మధ్యకాలం గురించి.

చంపని జబ్బుకు లెక్క తక్కువ

గత అధ్యాయాల్లో చెప్పుకున్న బీపీ, షుగర్, కేన్సర్‌లకు జాతీయ కార్యక్రమం ఉంది. ముప్పై దాటినవాళ్లను వెతికి పరీక్షించే ఏర్పాటు ఉంది. కీళ్ల జబ్బులకు ఆ స్థాయిలో పేరు పెట్టిన కార్యక్రమం లేదు. కారణం సులువుగానే ఊహించవచ్చు. మోకాళ్ల నొప్పితో ఎవరూ చనిపోరు. మరణాల పట్టికలో కనబడని జబ్బుకు బడ్జెట్ పట్టికలోనూ చోటు దొరకదు.

బతికుండి పడే బాధను లెక్కిస్తే బొమ్మ మారిపోతుంది. 2020 నాటికి ప్రపంచంలో సుమారు 59.5 కోట్ల మందికి ఆస్టియో ఆర్థరైటిస్, అంటే మనం కీళ్ల అరుగుదల అనుకునే జబ్బు, ఉందని అంతర్జాతీయ వ్యాధిభారం అధ్యయనం అంచనా వేసింది. ఇదే లెక్క ప్రకారం మన దేశంలో 1990లో 2.3 కోట్ల మందికి ఉన్న ఈ జబ్బు 2019 నాటికి 6.2 కోట్ల మందికి చేరింది. జనాభా పెరగడం, ఆయుష్షు పెరగడం, బరువు పెరగడం మూడూ ఇందులో కలిసి ఉన్నాయి.

అంచనాలు సరే, ఒక ఊళ్లో ఇంటింటికీ వెళ్లి చూస్తే ఎంత తేలుతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రుమటాలజీ సంఘం కలిసి 1981లో కాప్‌కార్డ్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. పేద దేశాల్లో కీళ్ల జబ్బులను తక్కువ ఖర్చుతో, ఊరివాళ్ల చేతే లెక్కించడం దాని ఉద్దేశం. 1996లో పుణె దగ్గర భిగ్వాన్ అనే ఊళ్లో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం ఈ పద్ధతిని అమలు చేసింది. ఊరి వాలంటీర్లకే శిక్షణ ఇచ్చి, గడప గడపకూ పంపి, నొప్పి ఉందన్న ప్రతి మనిషినీ డాక్టర్ చేత చూపించారు. పెద్దవాళ్లలో నూటికి 18 మంది కీళ్ల, కండరాల నొప్పులతో ఉన్నారని తేలింది. ఆస్టియో ఆర్థరైటిస్ నూటికి దాదాపు ఆరుగురికి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ రెండు వందల మందిలో ఒకరికి ఉన్నాయి.

రెండు వందల్లో ఒకరంటే తక్కువ అనిపిస్తుంది. వెయ్యి మంది పెద్దవాళ్లుండే బస్తీలో అది ఐదుగురు. ఆ ఐదుగురిలో ఎక్కువమంది ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య ఆడవాళ్లై ఉంటారు. ఇంటి పని, బయటి పని రెండూ వాళ్ల చేతుల మీదే నడుస్తుంటాయి. జబ్బు ముందుగా పట్టేది ఆ చేతులనే.

మోకాలి లోపల

తొడ ఎముకా కాలి ఎముకా కలిసే చోట రెంటి చివర్లకూ నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. జనం గుజ్జు అనేది దీన్నే. ఇందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. మరి దానికి తిండి ఎలా అందుతుంది? కీలు చుట్టూ ఉన్న పొర నుంచి ఊరే జిగట ద్రవం ద్వారా. నడిచినప్పుడు అడుగు పడగానే మృదులాస్థి నొక్కుకుని, అడుగు లేవగానే స్పాంజిలా ద్రవాన్ని లోపలికి పీల్చుకుంటుంది. నొక్కడం, వదలడం ఆగిపోతే పోషణ కూడా తగ్గుతుంది. నొప్పి ఉందని మంచానికే అతుక్కుపోయిన మనిషి మోకాలు అందుకే ఇంకా చెడుతుంది.

కాబట్టి మోకాలంటే వాడినకొద్దీ అరిగి మూలపడే ఇనప సామాను అనుకోవడం తప్పు. ఆస్టియో ఆర్థరైటిస్‌లో మృదులాస్థి ఒక్కటే పలచబడదు. కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో ఎముక మొలకలు వస్తాయి, పొర వాస్తుంది, తొడ ముందు కండరం బక్కచిక్కుతుంది. ఎక్స్‌రేలో బాగా చెడినట్టు కనిపించే మోకాలితో హాయిగా తిరిగేవాళ్లున్నారు. ఎక్స్‌రే బాగానే ఉన్నా కదల్లేనివాళ్లున్నారు. మృదులాస్థిని వెనక్కి తెచ్చే మందు ఇంతవరకు రాలేదు. కండరాన్ని మాత్రం ఎనభై ఏళ్ల వయసులోనూ బలపరచవచ్చు. మోకాలి మీద పడే దెబ్బను ముందుగా కాచుకునేది ఆ కండరమే.

రెండో అంశం బరువు. అమెరికాలో స్టీఫెన్ మెస్సియర్ బృందం 2005లో ప్రచురించిన కొలతల ప్రకారం, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. వీధి చివరి దుకాణానికి వెళ్లొచ్చేసరికి వందల అడుగులు పడతాయి, లెక్క మీరే వేసుకోండి. ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో మహిళలను ఏళ్ల తరబడి గమనించి డేవిడ్ ఫెల్సన్ 1992లో ఇంకో సంగతి చెప్పాడు. పదేళ్లలో ఐదు కిలోలు తగ్గినవాళ్లకు మోకాళ్ల ఆస్టియో ఆర్థరైటిస్ వచ్చే అవకాశం సగానికి పడిపోయింది. ఐదు కిలోలంటే ఎవరికీ అందని లక్ష్యమేమీ కాదు.

మూడో అంశం మన కూర్చునే తీరు. చైనాలోని బీజింగ్‌లో వృద్ధులను పరీక్షించినప్పుడు, పాతికేళ్ల వయసులో రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్లలో మోకాళ్ల అరుగుదల ఎక్కువగా కనబడింది. అక్కడి మహిళలకు తుంటి అరుగుదల అమెరికన్ల కంటే చాలా తక్కువ, మోకాలి అరుగుదల మాత్రం ఎక్కువ. మన వంటిల్లు, బట్టలుతకడం, నేల తుడవడం, మరుగుదొడ్డి అన్నీ గొంతుక్కూర్చునే పనులే. నేల మీద కూర్చునే అలవాటును తప్పుపట్టాల్సిన పని లేదు. మోకాలు మొరాయించడం మొదలైన రోజు నుంచి ఇంటిని మోకాలికి తగ్గట్టు మార్చుకోవాలి. కూరగాయలు తరగడానికి ఎత్తు పీట, పొడుగు కర్ర ఉన్న తుడుపు, పాత మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ చాలు. ఇవన్నీ కలిపినా ఒక ఎంఆర్‌ఐ ఖర్చు కాదు.

తెల్లారి లేవగానే అడగాల్సిన ప్రశ్న

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. ప్రజారోగ్యం చేయాల్సిన మొదటి పని వీటిని వేరు చేయడమే. అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున కీళ్లు పట్టేసినా పది, ఇరవై నిమిషాల్లో వదులవుతాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ తీరు వేరు. అది రోగనిరోధక వ్యవస్థ దారితప్పి కీళ్ల పొర మీదే దాడి చేసే జబ్బు. తెల్లారి లేచాక గంట గడిచినా వేళ్లు ముడుచుకోవు. పాల ప్యాకెట్ కత్తిరించడం, జాకెట్ గుండీలు పెట్టుకోవడం, పిల్లకు జడ వేయడం కష్టమవుతాయి. విశ్రాంతి తీసుకుంటే బిగుసుకుపోతాయి, కాస్త పని చేస్తే వదులవుతాయి.

దీన్ని పసిగట్టడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మూడో అంతకు మించో కీళ్లు వాచి ఉండటం, పొద్దుటి బిగువు అరగంట దాటడం, అరచేతిని అడ్డంగా పట్టుకుని వేళ్ల మొదళ్లను మెల్లగా నొక్కితే నొప్పి పుట్టడం. ఈ మూడింట్లో ఏది కనబడినా ఆలస్యం చేయకుండా నిపుణుల దగ్గరికి పంపాలని 2002లో ఐరోపా, అమెరికా రుమటాలజిస్టులు కలిసి సూచించారు. ఆశా కార్యకర్తకు ఒక పూటలో నేర్పగల పరీక్ష ఇది. మొదటి మూడు, ఆరు నెలల్లో సరైన మందు పడితే కీళ్లు వంకర్లు పోకుండా ఆపవచ్చు. రెండేళ్లు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాక వస్తే అప్పటికి పోయిన ఎముక తిరిగి రాదు.

ఆ సరైన మందు కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. అదే దారిలో ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినాప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ అక్కడే రూపొందాయి. పిల్లల రక్త కేన్సర్‌కు సిడ్నీ ఫార్బర్ మొదట వాడింది ఈ కోవ మందులనే. 1951లో గుబ్నర్ అనే వైద్యుడు అమినాప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకు ఇచ్చి గుణం చూశాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా సంకోచం నడిచింది. 1988లోగానీ మెథోట్రెక్సేట్‌కు రుమటాయిడ్ ఆర్థరైటిస్ చికిత్సలో అమెరికా అనుమతి రాలేదు. సుబ్బారావు అప్పటికి నలభై ఏళ్ల కిందటే, 1948లో, కన్నుమూశాడు.

ఇవాళ ఆ జబ్బుకు ప్రపంచమంతటా ముందుగా రాసేది మెథోట్రెక్సేటే. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. అంటే చీటీలోని రెండు మాత్రలూ ఆయన నడిపించిన ప్రయోగశాల నుంచి వచ్చినవే. రెండూ చౌక మందులు. ఒక్క హెచ్చరిక ప్రాణం పోయినా మరవకూడదు: మెథోట్రెక్సేట్ వారానికి ఒకే రోజు వేసుకోవాలి. రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. చీటీ మీద డాక్టర్ ‘సోమవారం మాత్రమే’ అని తెలుగులో రాసి, చదువురాని మనిషికి నోటితో రెండుసార్లు చెప్పి, తిరిగి ఆమె చేత చెప్పించుకోవాలి. గర్భం ఉన్నవాళ్లు, గర్భం కోరుకునేవాళ్లు ఈ మందు వాడకూడదు. కాలేయం, రక్తకణాల పరీక్షలు వేళకు చేయించుకోవాలి. బస్తీ దవాఖానలో నమూనాలు తీసి ప్రభుత్వ ప్రయోగశాలకు పంపే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఏర్పాటు 2018 నుంచీ ఉంది కాబట్టి ఈ పని పేట దాటకుండానే సాగాలి.

ఒక చివర సూది, ఇంకో చివర కత్తి

‘ఒక్క సూదితో లేచి కూర్చుంది’ అనే మాట వినని వీధి ఉండదు. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. పేరు లేని పొట్లాల్లో అమ్మే ‘మూలికల’ పొడుల్లోనూ అదే కలిపి దొరికిన సందర్భాలు ఎన్నో. స్టెరాయిడ్ వాపును తగ్గించడంలో నిజంగానే గట్టిది. డాక్టర్లు అవసరమైనంత కాలం, అవసరమైనంత మోతాదులో దాన్ని వాడతారు. లెక్కాపత్రం లేకుండా నెలల తరబడి తీసుకుంటే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. హఠాత్తుగా ఆపినా ప్రమాదమే. రోజూ మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. బీపీ, షుగర్ ఉన్న మనిషి మోకాళ్ల కోసం ఏళ్ల తరబడి నొప్పి మాత్ర వేసుకుంటే చివరికి డయాలసిస్ దాకా పోవచ్చు. ఒక జబ్బు కార్యక్రమం ఇంకో జబ్బును వదిలేస్తే జరిగేది ఇదే.

రెండో చివర ఆపరేషన్. మోకాలు పూర్తిగా చెడి రాత్రి నిద్ర కూడా పట్టని మనిషికి అది వరమే. అమర్చిన మోకాళ్లలో నూటికి 82 వరకు పాతికేళ్లు పనిచేస్తాయని 2019లో వచ్చిన పెద్ద విశ్లేషణ తేల్చింది. ఈ వైపు మన ప్రభుత్వాలు చేసిన పని చిన్నది కాదు. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. సగటున లక్షన్నర పైచిలుకు పలికే సాధారణ కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్ ధర పన్నులు కాకుండా 54,720 రూపాయలకు దిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉంది. గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లలో చిప్పల మార్పిడి జరుగుతోంది. నిమ్స్ అయితే 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగానే పుట్టింది. ఎముకల ఆసుపత్రే పెరిగి పెద్దదై, ఇవాళ అందులో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది.

ఎటొచ్చీ ఆరు కోట్ల మందికీ ఆపరేషన్ చేయలేం, చేయనక్కర్లేదు కూడా. చాలామందికి ఎప్పటికీ ఆ అవసరం రాకుండా చూడవచ్చు. వచ్చినా పదేళ్లు వెనక్కి నెట్టవచ్చు.

నేర్పితే తగ్గే నొప్పి

1970ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే పరిశోధకురాలు ఒక కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. వారానికి రెండు గంటల చొప్పున ఆరు వారాల తరగతులు. పాఠం చెప్పేవాళ్లు డాక్టర్లు కారు. శిక్షణ పొందిన మామూలు మనుషులు, వాళ్లలో చాలామంది స్వయంగా కీళ్ల జబ్బు ఉన్నవాళ్లే. వ్యాయామం, నొప్పిని పట్టే ఉపాయాలు, మందుల వాడకం, డాక్టర్‌తో మాట్లాడే తీరు నేర్పారు. ప్రతి వారం ఒక్కో మనిషి తన పని తానే ఎంచుకోవాలి. ‘ఈ వారం మూడు రోజులు, పొద్దున పావుగంట నడుస్తా’ అన్నట్టు చేయగలిగినంతే చెప్పాలి, పై వారం వచ్చి ఏమైందో చెప్పాలి.

నాలుగేళ్ల తర్వాత చూస్తే సగటున నొప్పి 20 శాతం తగ్గింది, డాక్టర్ దగ్గరికి వెళ్లడం 40 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 1993లో ప్రచురించారు. అదే కాలంలో వాళ్ల శారీరక అశక్తత 9 శాతం పెరిగిందని కూడా దాచకుండా రాశారు. జబ్బు ముదరడం ఆగలేదు, దాని చేతిలో కీలుబొమ్మ కావడం ఆగింది. నా చేతిలో కొంత ఉంది అన్న నమ్మకం ఎవరిలో పెరిగిందో వాళ్లకే ఎక్కువ మేలు జరిగిందని లోరిగ్ బృందం గమనించింది.

డెన్మార్క్‌లో 2013లో ఎవా రూస్, సోరెన్ స్కౌ అనే ఫిజియోథెరపీ పరిశోధకులు గ్లాడ్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. జబ్బు గురించి చెప్పే రెండు పాఠాలు, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో పన్నెండు వ్యాయామ తరగతులు. ఇప్పుడది చాలా దేశాలకు పాకింది. వ్యాయామం చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి రావడం మామూలేనని, మర్నాటికి సర్దుకుంటే భయపడక్కర్లేదని వాళ్లు మొదటి రోజే చెబుతారు. నొప్పి రాగానే మానేసే అలవాటును ఈ ఒక్క మాట చాలావరకు పోగొడుతుంది.

వ్యాయామమంటే జిమ్ అక్కర్లేదు. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కి, తొడ బిగిసిందని చేత్తో తడిమి చూసుకుని, ఐదు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు. తర్వాత గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా కూర్చోండి. ఐదుసార్లతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. లేచేటప్పటికంటే కూర్చునేటప్పుడు ఎక్కువ సమయం తీసుకోవాలి, తొడ కండరానికి అసలు పని అక్కడే. చేతికర్ర వాడేవాళ్లు నొప్పి ఉన్న కాలి వైపు కాకుండా రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలితోపాటే ముందుకు పడాలి.

మన నేల మీద ఇప్పటికే చేసి చూసినవి

ఇవన్నీ పరాయి దేశాల ముచ్చట్లని తోసేయనక్కర్లేదు. కీళ్లనూ ఎముకలనూ కాపాడటానికి తెలుగు ప్రాంతాల్లో పెద్ద పనులే జరిగాయి. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి వివరంగా రాసింది 1937లో, నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్లగొండ దానికి మారుపేరైంది. వంగని వెన్నులు, చాపలేని కీళ్లు ఆసుపత్రిలో బాగుపడలేదు, పడవు కూడా. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి, ఆ తర్వాత నదీజలాలు, 2016లో మొదలైన మిషన్ భగీరథ కుళాయిలు రాబోయే తరం కీళ్లను కాపాడాయి. అక్కడ మందు పనిని నీళ్లే చేశాయి.

చికున్‌గున్యా కూడా ఇలాంటిదే. 2005 చివర్లో రాయలసీమ, కర్ణాటక వైపు మొదలై 2006లో దేశమంతటా సుమారు 14 లక్షల మందిని పట్టింది. జ్వరం వారంలో పోయినా కీళ్ల నొప్పి నెలలు, కొందరికి ఏళ్లు ఉండిపోయింది. దాని దోమ మంచినీళ్ల డ్రమ్ములో, కూలర్‌లో గుడ్లు పెడుతుంది. 2020లో హైదరాబాద్‌లో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అంటూ నిలవ నీళ్లు పారబోయించిన ప్రచారం కీళ్ల జబ్బు నివారణ కార్యక్రమం కూడా. ఆ సంగతి మాత్రం ఎవరూ అలా చెప్పలేదు.

చేయూత విషయానికొస్తే, పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకాన్ని కేంద్రం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే ప్రారంభించింది. తర్వాత ఆ జాబితాలో మోకాలి పట్టీలు, నడుం బెల్టులు, కమోడ్ కుర్చీలు కూడా చేరాయి. వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమం 2010 నుంచీ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి పెద్దవాళ్ల క్లినిక్ నడపాలనీ, ఫిజియోథెరపీ అందించాలనీ అందులో రాసి ఉంది. బస్తీ దవాఖానలో ఉండేది ఒక డాక్టర్, ఒక నర్సు, ఒక సహాయకుడు. అక్కడ ఫిజియోథెరపిస్టుకు కుర్చీ లేదు.

వాడవాడకూ వెళ్లి జబ్బు వెతకడం మనకు చేతకాదని కూడా అనలేం. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు తొలి విడతలోనే కోటిన్నర మంది కళ్లు పరీక్షించింది. 2023 జనవరిలో రెండో విడత వచ్చింది. కళ్లజోడు అవసరమైన మనిషి ఆసుపత్రిని వెతుక్కుంటూ రాలేదు, ఆసుపత్రే వాడకు వెళ్లింది. మోకాలు నొప్పి ఉన్న మనిషికి ఈ ఏర్పాటు ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే ఆమె నడవలేదు.

పేటలో చేయాల్సింది

బన్సీలాల్‌పేటలో కొత్త భవనం అక్కర్లేదు. బీపీ, షుగర్ కోసం ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్త కాగితంలో రెండు ప్రశ్నలు కలిపితే చాలు: ‘పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు పట్టేసి ఉంటాయి?’, ‘కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవగలరా?’ మొదటి జవాబు అరగంట దాటితే ఆ మనిషి నెలలోపు రుమటాలజిస్టును చూడాలి. రెండో జవాబు కాదంటే ఆమెకు వ్యాయామ తరగతి కావాలి.

తరగతికి వారానికో పూట గాంధీ ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు వస్తే చాలు. పొదుపు సంఘం హాలు, పార్కు, గుడి మంటపం, చర్చి వరండా, ఏదైనా సరే చోటు అవుతుంది. మిగతా రోజుల్లో నడిపించడానికి పేటలోనే శిక్షణ ఇచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఉండాలి. వాళ్లకు కూడా మోకాళ్ల నొప్పులుంటే మరీ మంచిది. పక్కింటి వదిన చేయగలిగితే నేనెందుకు చేయలేనన్న ధైర్యం డాక్టర్ మాటల కంటే త్వరగా వస్తుంది. గుడిసెల స్థానంలో చాచా నెహ్రూ నగర్ లాంటి చోట్ల లేచిన డబుల్ బెడ్రూం బ్లాకుల్లో లిఫ్టులు ఆగకుండా చూడటమూ కీళ్ల వైద్యంలో భాగమే. లిఫ్టు పాడైన వారం రోజులూ నాలుగో అంతస్తు పెద్దమ్మకు ఇల్లే జైలు.

ఈ పనికయ్యే ఖర్చును ఆపరేషన్ల బిల్లుతో పోల్చి చూడమని ప్రభుత్వాన్ని అడగాలి. రోగులూ, వాళ్ల పిల్లలూ అడిగితే తప్ప చంపని జబ్బుకు ఎవరూ బడ్జెట్ రాయరు.

ఈలోగా మీ ఇంట్లో చేయగలిగింది ఇంకోటి ఉంది. పై రెండు ప్రశ్నలనూ మీ అమ్మనో అత్తనో ఈ రోజే అడగండి. వాచిన వేళ్లు పొద్దున్నే గంటసేపు ముడుచుకోకపోతే నొప్పి మాత్రతో కాలం గడపకుండా నిమ్స్‌కో, రుమటాలజిస్టు ఉన్న మరో ఆసుపత్రికో తీసుకెళ్లండి. మోకాళ్లదే బాధ అయితే రేపు పొద్దున కుర్చీ పక్కన నిలబడి ఐదుసార్లు లేపించండి, మీరూ కలిసి చేయండి.